కోవిడ్ తర్వాత వదలని నీరసం, దిగులు: ఏ రక్తపరీక్ష చేయించాలి?

కోవిడ్ తగ్గి నెలలైనా నీరసం, దిగులు పోలేదు, అనంతపురంలో ఐఎల్-6 (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే ప్రొటీన్), సెరటోనిన్ (మనసు స్థితితో ముడిపడిన రసాయనం) కలిపి రక్తపరీక్షల ప్యాకేజీ చేయించమంటున్నారు, చేయించాలా అని అడిగారు. వద్దు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

కోవిడ్ తగ్గాక నెలల తరబడి వదలని ఇలాంటి బాధల్ని లాంగ్ కోవిడ్ అంటారు. దాన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఇంకా రాలేదు. లాంగ్ కోవిడ్‌లో రక్తంలో సెరటోనిన్ తగ్గుతోందని 2023లో పెన్సిల్వేనియా పరిశోధకులు చూపించిన మాట నిజమే. కానీ రక్తంలోని సెరటోనిన్ దాదాపంతా ప్లేట్‌లెట్లలోనే ఉంటుంది, మెదడులోకి పోదు. ఆ అంకె చూసి మీ దిగులును కొలవలేరు. ఇక ఐఎల్-6కి రక్తం తీసిన వెంటనే సీరం వేరుచేసి చల్లగా దాచాలి. మే నెల ఎండలో అనంతపురం నుంచి పార్సిల్‌గా బెంగళూరు చేరిన శాంపిల్ మీద వచ్చిన రిపోర్టును నేను నమ్మను.

వైద్యం ఉన్న కారణాలు వెతకండి: సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బి12 విటమిన్, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ). జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే టీఎస్‌హెచ్‌కి రెండు మూడు రోజుల ముందే ఆపాలి. ఫెరిటిన్ 30 లోపుంటే ఐరన్ లోపమే. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఉంటే ఫెరిటిన్ పైకి లేచి లోపాన్ని దాచేస్తుంది, అందుకే సీఆర్‌పీ పక్కన పెట్టుకుని చదవాలి. సీఆర్‌పీ ఎక్కువగా ఉండి ఫెరిటిన్ 100 లోపుంటే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో చూపే పరీక్ష) కూడా అడగండి. అది 20 శాతం లోపుంటే ఐరన్ చాలనట్టే. నీరసమని వెళ్తే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి, బి12 సూది వేసి పంపుతున్నారు. ఆ సూది పడ్డాక బి12 అంకెకు అర్థమే ఉండదు. ముందు రక్తం ఇవ్వండి, తర్వాతే సూది.

అందరూ వదిలేసేది కార్టిసాల్ పరీక్ష. ఇది కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి తయారుచేసే హార్మోన్, ఒంటి సొంత స్టెరాయిడ్. కర్నూలు, కడప పల్లెల్లో దగ్గుకీ కీళ్లనొప్పులకీ పొట్లం కట్టిచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. వారాల తరబడి మింగి ఒక్కసారిగా ఆపితే, అప్పటిదాకా మొద్దునిద్రపోయిన అడ్రినల్ గ్రంథి వెంటనే తేరుకోదు: పొద్దున లేవగానే కాళ్లలో సత్తువ ఉండదు, నిలబడితే కళ్లు తిరుగుతాయి, ఆకలి చస్తుంది, మనసు మొద్దుబారుతుంది. దాన్నే లాంగ్ కోవిడ్ అనుకుంటారు. ఈ శాంపిల్ ఉదయం 8 గంటల ప్రాంతంలోనే ఇవ్వాలి. సాయంత్రం కార్టిసాల్ ఎటూ తగ్గే ఉంటుంది, అప్పుడిస్తే లేని జబ్బు కనిపిస్తుంది. విలువ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపుంటే అదే రోజు ఫిజీషియన్‌ను కలవండి. 3 నుంచి 15 మధ్య ఉంటే ఏసీటీహెచ్ (అడ్రినల్‌ను పనిచేయించే హార్మోన్) సూది ఇచ్చి మళ్లీ చూడాల్సి రావచ్చు. ఇన్‌హేలర్, కీలులో వేసిన సూది, గర్భనిరోధక మాత్రలు, ఏది వాడినా దాచకుండా చెప్పండి. వాడుతున్న స్టెరాయిడ్‌ను పరీక్ష కోసం మీ అంతట మీరు ఆపొద్దు, ప్రాణం మీదికొస్తుంది.

ఇవన్నీ బాగున్నా, కాస్త పని చేస్తే మరుసటి రోజు మంచం పడుతున్నారంటే ఆ బాధ నిజమైనదే. రిపోర్టులో కనబడలేదని ఎవరైనా కొట్టిపారేస్తే డాక్టరును మార్చండి. దిగులుకు వైద్యం రిపోర్టుల కోసం ఆగకూడదు. జిల్లా ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్లండి, వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.