ఓటరు కార్డు ఉంది, జాబితాలో పేరు లేదు

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఓట్లు మాత్రం తెనాలి దగ్గర మా ఊళ్లోనే ఉంచుకున్నాం. 2024 మే 13న ఓటు వేద్దామని ముందు రోజు రాత్రంతా బస్సులో నిలబడి వెళితే, జాబితాలో నా పేరూ మావారి పేరూ లేవన్నారు. కార్డు చూపించినా ఒప్పుకోలేదు. మాకు చెప్పకుండా ఎలా తీసేస్తారు? మళ్లీ అక్కడే చేర్చుకోవచ్చా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, కార్డు మీరెవరో చెబుతుందే తప్ప మీకు ఓటు ఉందని చెప్పదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం, ఆ నియోజకవర్గం జాబితాలో పేరున్నవారికే ఓటు వేసే హక్కు ఉంటుంది. కార్డు ఇంట్లో మరచిపోయినా ఆధార్ వంటి మరో గుర్తింపు పత్రంతో పని జరుగుతుంది గాని, జాబితాలో పేరు లేకపోతే పోలింగ్ కేంద్రంలో ఎవరూ చేయగలిగింది లేదు.

చెప్పకుండా తీసేయడం మాత్రం చట్ట సమ్మతం కాదు. ఊరు మారారన్న కారణంతో పేరు తొలగించాలంటే, ముందుగా మీ వాదన చెప్పుకునే అవకాశం ఓటర్ల నమోదు అధికారి ఇచ్చి తీరాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టిగానే మాట్లాడింది. చిక్కంతా ఆచరణలో ఉంది. బీఎల్‌వో (పోలింగ్ కేంద్రం స్థాయిలో ఓటర్ల జాబితా చూసే అధికారి) ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం ఉంటుంది, పక్కింటివారు "వాళ్లు పట్నం వెళ్లిపోయారండీ" అంటారు, ఆ ఒక్క మాటే పుస్తకంలో ‘షిఫ్టెడ్’గా మారుతుంది, నోటీసు తాళం వేసిన తలుపు దగ్గరే ఆగిపోతుంది. తొలగింపు ఉత్తర్వుపై 15 రోజుల్లో కలెక్టరుకు, ఆ తరువాత 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకునే వీలుంది గాని, మీ విషయంలో ఆ గడువు ఏనాడో దాటిపోయింది కనుక ఫారం 6తో కొత్తగా నమోదు చేసుకోవడమే మార్గం.

ఎక్కడ నమోదు చేసుకోవాలన్నదే అసలు ప్రశ్న. ‘సాధారణ నివాసి’గా, అంటే మామూలుగా కాపురముంటున్న చోటే ఓటు ఉండాలి. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ ‘సాధారణ నివాసి’ కారని అదే 1950 చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కొంతకాలం పని మీద బయట ఉన్నవారికి ఆ హోదా పోదు గాని, కుటుంబంతో సహా ఎనిమిదేళ్లుగా మరో చోట ఉండడాన్ని తాత్కాలికమనడం కష్టం. సర్పంచి ఎన్నికల్లో ఓటు పోతుందన్న బాధ నాకు అర్థమవుతుంది, అయినా హైదరాబాద్‌లో చేర్చుకోవడమే సరైనదని నా అభిప్రాయం. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున ఉన్నా, ప్రస్తుత చిరునామా ఉన్న ఆధార్ గాని బ్యాంకు పాస్‌బుక్ గాని సరిపోతుంది. రెండు చోట్లా ఉంచుకోవడం మాత్రం తగదు. దరఖాస్తులో తెలిసి తప్పుడు ప్రకటన చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష ఉంది.

నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నిక ముగిసేదాకా జాబితాలో మార్పులు చేయరు. 2024లో ఆ తేదీ ఏప్రిల్ 25, అంటే పోలింగుకు 18 రోజుల ముందే తలుపులు మూసుకున్నాయి. ఎన్నికల ప్రకటన వినగానే ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేసి పేరు చూసుకుని ఉంటే మీకు బస్సు ప్రయాణమైనా తప్పేది.

ప్రశ్న: మా నాయనమ్మకు 87 ఏళ్లు, మెట్లెక్కలేదు. ఇంటి దగ్గరే ఓటు వేయించవచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వేయించవచ్చు. 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవారికి 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఈ సదుపాయం దేశమంతటా ఇచ్చారు. నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోగా ఫారం 12డి ఇవ్వాలి. పోలింగుకు ముందే సిబ్బంది బృందం ఇంటికి వచ్చి, గోప్యంగా ఓటు వేయించుకుని వెళుతుంది. ఒకసారి దీనికి ఒప్పుకున్న తరువాత పోలింగ్ కేంద్రంలో ఓటు వేయనివ్వరు. ఇక్కడ ఒక మెలిక ఉంది. లెక్కలోకి వచ్చేది జాబితాలో రాసి ఉన్న వయసు. మన పెద్దవాళ్ల వయసు ఎప్పుడో ఎవరో ఉజ్జాయింపుగా వేసినదే కదా! అందులో 82 అని ఉంటే ఇప్పుడే ఫారం 8తో సరిచేయించండి.

ప్రశ్న: నేను వెళ్లేసరికే నా ఓటు ఎవరో వేసేశారు. ఇక ఏమీ చేయలేమా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తిరిగి రాకుండా ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగవలసింది. మీ గుర్తింపుపై ఆయన అడిగిన ప్రశ్నలకు సరైన సమాధానాలు చెబితే, సంతకం చేయించుకుని, ఈవీఎం మీద కాకుండా కాగితపు బ్యాలెట్ మీద ఓటు వేయనిస్తారు. దానిని విడిగా కవరులో భద్రపరుస్తారు, మామూలు లెక్కింపులో కలపరు. ఫలితంపై కోర్టుకు వెళ్లినప్పుడే దానికి విలువ వస్తుంది. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా శాసనసభ స్థానంలో కాంగ్రెస్ నేత సి.పి. జోషి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయినప్పుడు, కోర్టులో వివాదం నడిచింది ఇలాంటి ఓట్ల చుట్టూనే.