గరాజ్‌లో విమానం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గరాజ్‌లో ఆర్‌వీ-7 అనే చిన్న విమానాన్ని కిట్ తెచ్చుకుని కడుతున్నాను, ఇప్పుడు తోక భాగం దగ్గరున్నాను. కొన్ని రివెట్లు పక్కకి ఒరిగాయి, కొన్ని బాగా చదునయ్యాయి. ఒక్క రివెట్ తప్పినా ప్రమాదమని మా ఇంట్లో భయం. అన్నీ తీసి మళ్ళీ కొట్టాలా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: తీసేముందు కొలవండి. 3/32 అంగుళాల రివెట్‌కి షాప్ హెడ్ (మీరు కొట్టినప్పుడు చదునై ఏర్పడే తల) వెడల్పు 0.141, ఎత్తు 0.047 అంగుళాలు రావాలి. అంటే రివెట్ మందానికి ఒకటిన్నర రెట్ల వెడల్పు, సగం ఎత్తు. ఎత్తు ఎక్కువుంటే ఇంకో రెండు దెబ్బలు వేస్తే సరిపోతుంది. కాస్త ఒరిగినదాన్ని వదిలేయండి. తల కింద సందు కనిపించినా, రెండు రేకుల మధ్యకి రివెట్ ఉబ్బినా మాత్రం తీయాల్సిందే.

అసలు నష్టం తీసేటప్పుడే జరుగుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తల నడిమధ్య 40 నంబరు డ్రిల్ పెట్టి, తల మందం వరకే దించండి. ఆ గుంటలో పిన్ పంచ్ నిలబెట్టి పక్కకి వంచితే తల టప్పున ఊడొస్తుంది. తర్వాత రేకు వెనక రంధ్రం ఉన్న చెక్క ముక్క ఆనించి కాండాన్ని (రంధ్రంలో మిగిలిన రివెట్ కడ్డీని) మెల్లగా తట్టండి. ఆ చెక్క లేకుండా కొడితే రేకు వంగిపోతుంది.

అయినా రంధ్రం పెద్దదైతే కంగారు పడకండి, ఎన్‌ఏఎస్1097 రివెట్ ఉంది. కాండం 1/8 అంగుళం, తల మాత్రం దాదాపు పాతదంతే, కాబట్టి డింపుల్ (తల కూర్చోవడానికి రేకులో నొక్కిన గుంట) మార్చనక్కర్లేదు. 30 నంబరు డ్రిల్‌తో రంధ్రం సరిచేసి వాడండి. అయితే రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకి కనీసం పావు అంగుళం ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇంట్లోవాళ్ళకి ఇది చెప్పండి: అమెరికాలో ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇంట్లో కట్టిన విమానాల ప్రమాదాలను అధ్యయనం చేసింది. నిర్మాణం విరిగిపోయినవి అరుదు. ఇంజను శక్తి పోవడం, గాల్లో అదుపు తప్పడం, ఈ రెండే ముందున్నాయి. రివెట్ల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఇంధనం వచ్చే దారి మీద పెట్టమని మేం బతిమాలేది అందుకే.

ప్రశ్న: ఇంధన ట్యాంకుకి బెలూన్ కట్టి లీకు చూస్తున్నాను. పొద్దున ముడుచుకుంటోంది, మధ్యాహ్నం ఉబ్బుతోంది. లీకున్నట్టా?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: అది ఎండ పని. ఒకే ఉష్ణోగ్రత ఉన్న గదిలో పెట్టి, ప్రతి రివెట్ మీదా, అతుకుల మీదా, మూత చుట్టూ సబ్బునీళ్ళు పూసి బుడగలు వెతకండి. కంప్రెసర్ గొట్టం నేరుగా తగిలించొద్దు. కొద్దిపాటి ఒత్తిడికే ట్యాంకు రేకులు ఉబ్బిపోతాయి.

లీకు లేదని తేలాక లోపల డ్రిల్ పొట్టు, సీలెంట్ తునకలు మిగలకుండా కడగండి. ఇంధనం వడకట్టే జల్లెడకి అడ్డం పడేవి అవే. పైపు మరలకి టెఫ్లాన్ టేప్ చుట్టొద్దు, దాని పోగులు ఊడి కార్బురేటర్ దాకా పోతాయి. సీలింగ్ పేస్ట్ వాడండి, మొదటి మర వదిలి పూయండి. గొట్టం చివర గరాటులా విప్పి బిగించే 37 డిగ్రీల ఫ్లేర్ జాయింట్లకి ఏ పేస్టూ అక్కర్లేదు.

ఎగిరేముందు ఫ్లో పరీక్ష తప్పనిసరిగా చేయండి. ముక్కు బాగా పైకెత్తి, ట్యాంకులో ఇంధనం తక్కువుంచి, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి డబ్బాలోకి పట్టండి. పంపు ఉన్న విమానానికి, ఫుల్ పవర్‌లో ఇంజను తాగేదానికి 125 శాతం రావాలి. గంటకి 14 గ్యాలన్లు తాగే ఇంజనైతే 5 గ్యాలన్లు 17 నిమిషాల్లో పడాలి. దగ్గర్లో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, డబ్బాకీ విమానానికీ గ్రౌండ్ వైరు కలపాలి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ఆర్‌వీ-6 కొంటే ఏటా తనిఖీ నేనే చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఫీనిక్స్

జవాబు: ఈ తనిఖీ చేసుకునేందుకు కట్టినవాళ్ళకి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ఇచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్ విమానంతో పాటు మీకు రాదు. ఆయిల్ మార్చడం, రిపేర్లు మీరే చేసుకోవచ్చు. 12 నెలలకోసారి జరిగే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కి మాత్రం ఏ అండ్ పీ మెకానిక్ (విమానం బాడీకీ, ఇంజనుకీ లైసెన్సున్న మెకానిక్) చేత సంతకం చేయించుకోండి. కొత్త యజమాని మొదటిసారి ఎగిరినప్పుడే కూలిన విమానాలు ఆ ఎన్‌టీఎస్‌బీ అధ్యయనంలో ఉన్నాయి. డబ్బు కట్టి తాళాలు తీసుకునేముందే, అదే మోడల్‌లో అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్‌తో కొన్ని గంటలు ఎగరండి. ల్యాండింగుల కంటే ముందు స్టాల్స్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి, దాన్నుంచి బయటపడటం) నేర్పమని అడగండి.