బీసీజీ వేయించిన పాపకు యాంటీబాడీల పరీక్ష అక్కరలేదు

తాతగారికి ఊపిరితిత్తుల క్షయ అని తేలింది కాబట్టి, పుట్టినప్పుడే బీసీజీ అనే క్షయ టీకా వేయించిన మూడేళ్ల పాపకు యాంటీబాడీల రక్తపరీక్ష చేయించాలా అని అడిగారు. దయచేసి చేయించకండి. క్షయ విషయంలో అలాంటి పరీక్షలు నమ్మదగినవి కావని మన దేశం 2012లోనే నిషేధించింది.

క్షయ నుంచి ప్రధానమైన కాపలా టీ కణాలనే తెల్ల రక్తకణాలది, రక్తంలో తిరిగే రక్షక ప్రోటీన్లయిన యాంటీబాడీలది కాదు. క్షయ బ్యాక్టీరియా తనను మింగిన మాక్రోఫేజ్ (క్రిములను మింగి చంపే రక్షక కణం) లోపలే కాపురం పెడుతుంది, బయట తిరిగే యాంటీబాడీకి చిక్కదు. అయితే ఆ మాక్రోఫేజ్ తన లోపలి శత్రువు ప్రోటీను ముక్కలను పైకి చూపిస్తుంది. టీకా వల్ల వాటిని ముందే గుర్తుపెట్టుకున్న సీడీ4 రకం టీ కణం వచ్చి అతుక్కుని ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీనును వదులుతుంది. దాంతో అప్పటిదాకా చేతులు ముడుచుకుని ఉన్న మాక్రోఫేజ్, బ్యాక్టీరియా దాగిన సంచిలోకి ఆమ్లాన్ని, ఎంజైములను పంపి దాన్ని చంపడం మొదలుపెడుతుంది. హెచ్ఐవీతో సీడీ4 కణాలు తగ్గినవారిలో క్షయ విజృంభించడానికి ఇదే ముఖ్య కారణం.

మరి టీకా వేసినా క్షయ ఎందుకు వస్తుంది? చర్మంలో వేసిన టీకా వల్ల ఊపిరితిత్తుల్లోనే మకాం వేసే టీ కణాలు తక్కువగా తయారవుతాయి. 2020లో ప్రచురించిన ఒక ప్రయోగంలో బీసీజీని కోతుల సిరలోకి ఎక్కిస్తే, ఊపిరితిత్తుల నిండా టీ కణాలు చేరి, పదింటిలో తొమ్మిదికి బలమైన రక్షణ దొరికింది. అది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

బీసీజీ పసిపిల్లలను మెదడు పొరల క్షయ నుంచి బాగా కాపాడుతుంది, కానీ పూర్తి భరోసా ఇవ్వదు. చేతి మీద మచ్చ ఉంది కదా అని ఆగకుండా, పాపను వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. వ్యాధి లేదని తేలితే నివారణ మందులు మొదలుపెడతారు.