మీ లటానియాకి తేగ దిగింది

పోయిన సంచికలో రంగు ఆకుల పామ్ మొక్కల గురించి నాలుగు ముక్కలు రాశాను కదా, దాని మీద శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే ఎక్కువ ప్రశ్నలొచ్చాయి. అన్నిటికీ చోటు లేదు, ఒకేలాంటివి కలిపేశాను, పొడుగు ఉత్తరాలు కొంచెం కత్తిరించాను, ఏమనుకోకండి.

బొబ్బిలి నుంచి ఓ మాస్టారు: ఎర్ర లటానియా పామ్ సీడ్స్ ఆన్‌లైన్‌లో తెప్పించానండి. పేపర్ టీ కప్పుల్లో కోకోపీట్ నింపి ఒక్కోటీ పెట్టాను. రెండు నెలలు దాటినా పైకి ఏటీ రాలేదు. ఉండబట్టలేక ఒకటి తవ్వి చూస్తే గింజలోంచి తెల్లగా, లావుగా ఏదో కిందకి దిగి కప్పు అడుగున మెలికలు తిరిగిపోయి ఉంది. ఇది వేరా, మొలకా, పురుగా? పారేయమంటారా?

పారేయొద్దు మాస్టారూ, ఆ కప్పుల్లో దేన్నీ పారేయొద్దు. మీ లటానియాకి తేగ దిగింది, అంతే. మీరు చిన్నప్పుడు తాటిపళ్లు తిన్నాక టెంకలు పెరట్లో పాతరేసి సంక్రాంతి టైముకి తవ్వి, కాల్చుకునో ఉడకబెట్టుకునో తినే ఉంటారు కదా, అప్పుడు టెంక నుంచి భూమిలోకి దిగి ఉండేదే ఇది కూడా. లటానియా, బిస్మార్కియా అనే ఇంకో పామ్, మన తాడిచెట్టు మూడూ ఒకే తెగవి, మూడింటి మొలకా ఒకేలా ఉంటుంది. గింజలోంచి ముందు ఒక కాడ కిందకి దిగుతుంది, ఆ కాడ చివర్నే మొక్క తయారవుతుంది, వేరు ఇంకా కిందకి పోతుంది, ఆకు ఆ లోతునుంచి చీల్చుకుని పైకొస్తుంది. తేగని నిలువునా చీలిస్తే మధ్యలో తెల్లగా సన్నగా చందమామ ఉంటుంది కదా, పిల్లలు దానికోసం కొట్టుకుంటారు, అదేనండి రేపు ఆకు అయ్యేది. అందుకే పైన ఏమీ లేదని కంగారు పడక్కర్లేదు, పని అంతా కింద జరుగుతోంది.

గింజల్లో లోపమేం లేదు, కప్పు లోతు చాల్లేదు, అంతే. టీ కప్పు వీటికి రెండు వారాలకి కూడా సరిపోదు. ఆరంగుళాల పీవీసీ పైపు ఒకటిన్నర అడుగు ముక్కలుగా కోయించి, అడుగున దోమతెర గుడ్డ కట్టి వాడండి, లేదా నర్సరీల వాళ్లు వాడే పొడుగు పాలిథిన్ కవర్లైనా పర్లేదు. నాగావళి ఇసుక రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన గెత్తం గుప్పెడు. కోకోపీట్ ఒక్కటే అయితే మన వానాకాలంలో నీళ్లు పట్టేసి కుళ్లబెట్టేస్తుంది, వద్దు. మెలిక పడ్డ కాడని తిన్నగా చేద్దామని లాగకండి, విరిగితే మొక్క అక్కడితో సరి. కప్పుని బ్లేడుతో కోసేసి, మెలిక మెలికగానే, గింజ దానికి అతుక్కునే ఉండేలా, పైపులో పెట్టి చుట్టూ మట్టి జారవిడవండి. గింజ పైకి కనబడినా నష్టం లేదు కానీ దాన్ని తుంపేయొద్దు, మొదటి ఆకులు నిలదొక్కుకునే దాకా మొక్కకి తిండి అందులోదే.

ఇంకా మొలవనివి ఉంటే ఏం కాదు, ఇవన్నీ ఒకేసారి రావు. కొన్ని రెండు నెలలకి, కొన్ని ఆరు నెలలకి కూడా వస్తాయి. మళ్లీ విత్తేటప్పుడు మాత్రం గింజల్ని రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చాలి, ఆ తర్వాత వేడి తగిలే చోట పెట్టండి. మన మార్చి, ఏప్రిల్ వేడి వీటికి మహా ఇష్టం, మనకే కష్టం.

రంగు సంగతి కూడా చెప్పేస్తాను, తర్వాత మళ్లీ రాయకుండా. ఎర్ర లటానియా రీయూనియన్ దీవిది, నీలం రకం మారిషస్‌ది, పసుపుది రోడ్రిగ్స్‌ది. ఎర్రదానికి ఆకు కాడా, ఈనెలూ, అంచులూ చిన్నప్పుడే నిండుగా ఎర్రగా ఉంటాయి, పెద్దయ్యేకొద్దీ ఆ ఎరుపు తగ్గిపోతుంది, చూసుకోవాల్సింది ఇప్పుడే. నీలం రకానికి కూడా పసితనంలో ఎరుపు ఉంటుంది కాబట్టి ఎర్రదని నమ్మి నీలంది కొనుక్కునే వాళ్లు చాలామంది, పెద్దయ్యాక గానీ తేడా తెలీదు. ఇంకోటి, తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే వీటిల్లోనూ మగ చెట్టు వేరు ఆడ చెట్టు వేరు. కాయలు కావాలంటే ఒక్క మొక్కతో పని జరగదు.

శ్రీకాకుళం టౌన్ నుంచి ఓ గృహిణి: లిప్‌స్టిక్ పామ్ అని నర్సరీలో ఫొటో చూపించి అమ్మారండి. ఏడాది అయ్యింది, కాడలు ఆకుపచ్చగానే ఉన్నాయి, ఎండాకాలం వస్తే ఆకు చివర్లు మాడిపోతున్నాయి. మోసపోయానా?

మోసపోయారని చెప్పలేనమ్మా. లిప్‌స్టిక్ పామ్ గింజ నుంచి వచ్చిన మొక్క అయితే మొదట్లో పచ్చగానే ఉంటుంది, ఆ ఎరుపు కాడలకీ మొదలుకీ పట్టడానికి ఏళ్లు తీసుకుంటుంది, ఈ మొక్క పెరగడమే నిదానం. నర్సరీ వాడు చూపించిన ఫొటో పెద్ద దుబ్బుది, మీకిచ్చింది పసిదాన్ని. పిలక నుంచి తీసిన మొక్క అయితే రంగు ముందే కనబడుతుంది, అందుకే దాని ధర కూడా ఎక్కువ. ఇకమీదట ఎవరైనా కొనాలనుకుంటే ఫొటో పక్కన పెట్టి, ఆ మొక్కకే ఒక్క కాడైనా ఎర్రగా ఉందా అని చూసి కొనండి.

మాడిపోవడం వేరే సమస్య. ఇది మలేసియా, సుమత్రా, బోర్నియో వైపు చిత్తడి అడవుల్లో, ఎప్పుడూ తడిగా, ఆమ్ల గుణంతో ఉండే నేలలో పుట్టిన మొక్క. మీకేమో మే నెలలో పడమటి గాలి, దానికి తోడు బోరు నీళ్లు. బకెట్‌కి తెల్ల చారలు కట్టే నీళ్లే మొక్కకీ పోస్తుంటే ఆ ఉప్పంతా పాట్‌లో పేరుకుపోయి ముందు ఆకు కొసలు మాడతాయి. వానాకాలంలో మిద్దె మీద నీళ్లు డ్రమ్ములో పట్టి ఉంచుకుని ఎండాకాలం దీనికొక్కదానికి వాడండి. పాట్ కింద పళ్లెం పెట్టి అందులో రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ ఉండనివ్వండి. మామూలుగా ఏ మొక్కకైనా నీళ్లు నిలవనివ్వొద్దని నేనే రాస్తుంటాను, దీనికి మాత్రం నిలవాలి, కాకపోతే దోమలు పెట్టకుండా రెండ్రోజులకోసారి ఒంపేసి కొత్తవి పోయండి. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి, పడమటి వైపు ఓ షేడ్ నెట్ కట్టేస్తే సగం బాధ తీరిపోద్ది. మరీ చీకటి వరండాలో పెడితే రంగు ఇంకా ఆలస్యం. ఎరుపు రావాలని ఎవరో చెప్పారని ఐరన్ పొడులు, బీట్‌రూట్ నీళ్లు పోసేవాళ్లున్నారు, దయచేసి పోయకండి, రంగు మొక్క జాతిలో ఉండాలి, వయసుతో రావాలి.

రాజాం నుంచి ఓ కాలేజీ కుర్రాడు: నీలం, ఊదా, గులాబీ రంగు పామ్ సీడ్స్ ప్యాకెట్ వంద రూపాయలకే చూశాను, కొనొచ్చా?

వద్దు బాబూ. ఆ ఫొటోలు కంప్యూటర్లో రంగులేసినవి. నీలం అనదగ్గవి ఉన్నా అవి వెండి నీలం ఛాయవే, బిస్మార్కియా లాంటివి, అది మడగాస్కర్‌ది. గులాబీ పామ్ అంటూ ఏదీ లేదు. ఆ వంద పెట్టి బజ్జీలు తిను.

విజయనగరం నుంచి: చాంబేరోనియా పామ్ మొక్క కొత్తాకు ఎర్రగా వచ్చింది, ఇంట్లో అందరం ఫొటోలు దిగాం, పది రోజులకి చూస్తే మామూలు ఆకుపచ్చ. తెగులా?

తెగులు కాదు, దాని స్వభావమే అది. న్యూ కాలెడోనియా దీవుల మొక్క ఇది, కొత్తాకు విచ్చుకున్నప్పుడు ఎర్రగా వచ్చి పది పదిహేను రోజుల్లో పచ్చబడిపోతుంది. మామిడి చిగుర్లు రాగి రంగులో వచ్చి పచ్చబడటం మన తోటల్లో చూస్తూనే ఉంటాం కదా, లేతాకులో ఎర్ర రంగు పదార్థం ముందుండి, పచ్చదనం తర్వాత నిండుతుంది. పసి మొక్క ప్రతి ఆకూ ఎర్రగా తీయాలని కూడా లేదు. మొక్క పెద్దదైనా ఏడాదికి కొన్ని ఆకులే వేస్తుంది, అంచేత ఆ ఎరుపు మీకు ఏడాదిలో కొద్ది రోజులే. మధ్యాహ్నం ఎండ దీనికి పడదు, మామిడి చెట్టు కింద పెట్టుకోండి.

కవిటి నుంచి ఓ కొబ్బరి రైతు: తిత్లీలో పోయిన కొబ్బరి చెట్ల జాగాలు కొన్ని ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఇంటి ముందు అందానికి రెండు బిస్మార్కియాలు వేద్దామని మా అబ్బాయి గొడవ. సముద్రపు గాలికి నిలుస్తాయా? కొబ్బరికి పట్టే పురుగులు వీటికీ పడతాయా?

ఉద్దానం రైతుకి చెట్టు గురించి నేను చెప్పడమేంటండి, 2018 అక్టోబర్ తుపానుకి మీరు పడ్డ నష్టం ముందు ఇది చాలా చిన్న ముచ్చట. అయినా అడిగారు కాబట్టి చెప్తాను. ఎండకీ, ఇసుక నేలకీ బిస్మార్కియా బాగా తట్టుకుంటుంది, నీళ్లు నిలిచే పల్లంలో మాత్రం వద్దు. ఉప్పు గాలి నేరుగా మొహాన కొట్టే చోట అయితే నేను లటానియానే వేయమంటాను, అది పుట్టిందే సముద్రపు దీవుల్లో.

మీ అబ్బాయికి ఒకటి చెప్పండి, నర్సరీలో నడుమెత్తు మొక్క చూసి మోజు పడి తేవద్దు. బిస్మార్కియాకి వేరు తెగితే తిరిగి తేరుకోవడం కష్టం, నేలలోంచి పెకలించి గోనెసంచి చుట్టి ఇచ్చే పెద్ద మొక్కలు ఎక్కువ భాగం నిలవవు. కవర్లోనే పెరిగిన చిన్నది, ఆకుల్లో ఊదా ఎరుపు ఛాయ ఉన్నది తెచ్చుకోండి, ఆ ఛాయ ఉంటే పెద్దయ్యాక వెండి రంగు తిరిగే రకమన్నమాట, మొదట్నుంచీ ఒట్టి పచ్చగా ఉన్నది పచ్చగానే ఉండిపోయే రకం. చోటు కూడా ముందే కొలుచుకోండి, ముదిరిన చెట్టు ఆకు ఒక్కటే దగ్గర దగ్గర మూడు మీటర్ల వెడల్పు ఉంటుంది, వాకిలికి ఆనించి వేస్తే తర్వాత ఇల్లు కదపాలి.

పురుగుల మాటకొస్తే, పడతాయి. కొమ్ము పురుగూ ఎర్రముక్కు పురుగూ కొబ్బరికే పరిమితం కాదు, పామ్ జాతి దొరికితే చాలు వాటికి. మీ గెత్తం కుప్పలోనే కొమ్ము పురుగు పిల్లలు పెరుగుతాయి కాబట్టి కుప్ప ఈ మొక్కలకి దూరంగా ఉండాలి, మీ కొబ్బరికి చేసినట్టే వేపపిండి ఒక వంతు, ఇసుక రెండు వంతులు కలిపి మొవ్వు చుట్టూ ఆకు మొదళ్లలో వేయండి. పచ్చి ఆకులు నరకొద్దు, ఆ గాయం వాసనకే ఎర్రముక్కు పురుగు వస్తుంది. 2016లో తమిళనాడు వైపు మొదట కనబడి మన దాకా వచ్చేసిన సర్పిలాకార తెల్లదోమ కూడా వీటిని వదలదు, దానికి మందుల కన్నా ఆకు అడుగున పైపుతో గట్టిగా నీళ్లు కొట్టడమే మేలు, మందు కొడితే ఆ దోమని తినే మిత్రపురుగులు ముందు చస్తాయి.

భోగాపురం నుంచి ఓ అక్క: మా తమ్ముడు మారిషస్‌లో పని చేస్తున్నాడు. పండక్కి వస్తూ నీలం లటానియా సీడ్స్ ఓ డజను జేబులో వేసుకుని తెమ్మంటాను, మొలకెత్తించే పద్ధతి చెప్పండి.

పద్ధతి పైన మాస్టారికి రాసిందే, కానీ జేబులో మాత్రం తేవొద్దని చెప్పండమ్మా. వేరే దేశం నుంచి గింజ తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ఇక్కడ ముందే ఇంపోర్ట్ పర్మిట్ తీసుకోవాలి, అక్కడి అధికారులు తెగుళ్లు లేవని ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే గింజలూ పోతాయి, పండగ మూడూ పోతుంది. పట్టుకోకపోతే ఇంకా ప్రమాదం, పైన చెప్పిన తెల్లదోమ కూడా బయటి నుంచి వచ్చిందే, ఇప్పుడు దాన్ని వెనక్కి పంపగలమా? కోరంగి రేవు నుంచి ఓడలెక్కి మన వాళ్లు ఆ దీవికి వెళ్లిన రోజుల్లో ఎవరూ అడగలేదేమో గానీ ఇప్పుడు అడుగుతారు.

నీలం లటానియా కావాలంటే కడియం వైపు నర్సరీల్లో వాకబు చేయండి, ఫోన్లో అడిగితే ఉందో లేదో చెప్తారు. మొక్క తీసుకునే ముందు కవర్ అడుగు చూడండి. వేరు బయటికొచ్చి పక్క మట్టిలోకి దిగి ఉంటే వాళ్లు దాన్ని తెంపి ఇస్తారు, అది వద్దు, పక్కది ఇమ్మనండి.