పగటి వెలుగులో చూసుకో తల్లీ

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన కొటేషన్ ఫోటో రెండుసార్లు చూశాను. మొదటిసారి కారు పేరు చూసి మురిసిపోయాను. రెండోసారి కింద చిన్న అక్షరాల వరుసలు చూసి కళ్లజోడు వెతుక్కున్నాను. బీఎండబ్ల్యూ ఎం340ఐ అంటే మాటలా! మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, నాలుగు చక్రాలకీ పవరు, సున్నా నుంచి వందకి అయిదు సెకన్లు కూడా పట్టదు. "అంత డబ్బు పోసి వెనక కాళ్లు చాపుకునే చోటు లేని బండా" అని మీ నాన్న నాకు ఫోన్ చేసి గొణిగారు. ఆయన్ని నేను చూసుకుంటాలే. మీ అమ్మా నాన్నల్ని వెనక కూర్చోబెట్టి తిప్పడమే ముఖ్యమైతే ఇదే 3 సిరీస్‌లో పొడుగు బండి వేరే ఉంది, చక్రాల మధ్య దూరం దీనికన్నా 110 మిల్లీమీటర్లు ఎక్కువ. నువ్వు తోలుకోవడానికి కొంటున్నావు కాబట్టి నీకు ఇదే.

నేను చెప్పాలనుకున్నది నిజానికి ఒక్కటే. ఆఖరి రూపాయి కట్టకముందు, నీ పేరు మీద ఇన్సూరెన్సూ టీఆరూ (తాత్కాలిక రిజిస్ట్రేషను) పడకముందు, నీకు ఇవ్వబోయే కారునే, అచ్చంగా ఆ ఛాసిస్ నంబరున్న కారునే, పగలు ఎండలో నిలబెట్టి చూడు.

2014లో నా మొదటి జర్మన్ కారు తీసుకున్నప్పుడు ఏం జరిగిందో మీ అమ్మకి తెలుసు, నీకు చెప్పి ఉండదు. కంపెనీ పేరు ఎందుకులే. డెలివరీ సాయంత్రం ఆరున్నరకి పెట్టారు. కారు మీద ఎర్ర శాటిన్ గుడ్డ, చుట్టూ లైట్లు, బల్ల మీద కేకు. మీ పెదనాన్న చేత గడపంత అట్ట తాళంచెవి పట్టించి ఫోటో తీశారు. పదిహేను కాగితాల మీద సంతకాలు పెట్టాను. బ్యాంకులో ముప్పై ఏళ్లు జనాన్ని "చదివి సంతకం పెట్టండి బాబూ" అని కసిరిన దాన్ని, ఆ రోజు ఒక్క కాగితం చదవలేదు. మర్నాడు పొద్దున్న కారు తుడుస్తూ మా వాచ్‌మన్ "అమ్మా, ఈ తలుపు వేరే రంగుందేంటి" అన్నాడు. వెనక కుడి తలుపు. వంగి చూస్తే పెయింటు మీద బత్తాయి తొక్క మీద ఉన్నట్టు సన్నటి గుంటలు, తలుపు అంచున నల్ల రబ్బరు మీద పెయింటు తుంపర్లు. దారిలో ఎక్కడో తగిలించుకుని, మళ్లీ రంగు కొట్టించి, శాటిన్ గుడ్డ కప్పి ఇచ్చారు. అడిగితే "మీరు చూసుకునే సంతకం పెట్టారు కదా మేడమ్" అన్నారు. నా సంతకం నాకే చూపించారు!

సరే, ఆర్డరు దగ్గర్నుంచి వస్తాను. జర్మనీ కారు అని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఈ బండిని మనకి చెన్నై దాటాక చెంగల్పట్టు దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీలో బిగిస్తారు. ఆ ఫ్యాక్టరీ 2007 నుంచీ ఉంది. మెర్సిడెస్ వాళ్లది పుణె పక్కన చాకన్‌లో, ఆడి వాళ్లది ఛత్రపతి శంభాజీనగర్‌లో, అదే పాత ఔరంగాబాద్. పూర్తిగా తయారై ఓడ దిగే కారు మీద సుంకం తడిసి మోపెడవుతుంది, అందుకని విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగిస్తారు. మ్యూనిక్‌లో ఉండేవాళ్లలా ఒక్కొక్క మరా ఎంచుకుని చేయించుకోవడం ఇక్కడ కుదరదు. కంపెనీ ఖాయం చేసిన వేరియంటు, నువ్వు రంగూ లోపలి తోలూ చెప్పాలి, అంతే. ఒక్కోసారి నీ కారు నువ్వు బుక్ చేయకముందే నెల్లూరు, ఒంగోలు మీదుగా ట్రెయిలర్ ఎక్కి వచ్చి హైదరాబాదు యార్డులో దుమ్ము కొట్టుకుంటూ ఉంటుంది. కాబట్టి మొట్టమొదట ఈ ప్రశ్న వెయ్యి: "నాకిచ్చే బండి తయారైందా, ఇంకా అవ్వాలా? అయితే ఏ నెలలో?" డిసెంబరులో తయారైన బండిని ఫిబ్రవరిలో తీసుకుంటే, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు పాత సంవత్సరమే లెక్కేస్తాడు. తగ్గించి ఇస్తే తీసుకో, తప్పేం లేదు. ఎంత తగ్గించారో తెలిసి తీసుకోవాలి.

ఆర్డరు ఫారం వెనక చూడు, "డెలివరీ నాటి ధర వర్తిస్తుంది" అని ఉంటుంది. కొత్త సంవత్సరం రాగానే ధరలు పెంచడం ఈ కంపెనీలకి మామూలే. నవంబరులో బుక్ చేసి జనవరిలో తీసుకుంటే ఆ పెంపు ఎవరి నెత్తిన పడుతుందో ఈమెయిల్లో రాయించుకో. రంగు, తోలు రంగు, తయారీ సంవత్సరం, బుకింగ్ రద్దు చేస్తే ఎంత వెనక్కిస్తారు, ఇవన్నీ ఈమెయిల్లోనే. ఎగ్జిక్యూటివ్ కుర్రాడు మంచివాడే అయి ఉంటాడు, కానీ మూడు నెలలకి వాడు ఇంకో షోరూంలో ఉంటాడు.

టెస్ట్ డ్రైవ్‌కి నిన్ను ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదకే తీసుకెళ్తారు. అక్కడ ఏ కారైనా బాగానే ఉంటుంది. అది అయ్యాక కారు మీ అపార్ట్‌మెంట్‌కి తీసుకురమ్మని చెప్పు. మీ సెల్లారు ర్యాంపు నేను చూశాను కదా, దిగగానే కుడికి తిప్పాలి. ఈ కారు పొడవు 4.7 మీటర్ల పైచిలుకు, అద్దాలతో కలిపి వెడల్పు 2 మీటర్లు దాటుతుంది, ముందు బంపరేమో నేలకి దగ్గర. నలుగురు మనుషుల్ని ఎక్కించుకుని ఆ ర్యాంపు దిగి, మీ పార్కింగు గళ్లో పెట్టి, తలుపు తీసుకుని బయటికి రా. రాగలిగితే బుక్ చెయ్యి. మీ వీధి మొదట్లో ఉన్న ఆ ఒంటెమూపు స్పీడ్ బ్రేకరు కూడా మర్చిపోకు. మీ అసోసియేషన్ వాళ్లు తప్ప ఇంకెవరూ దాన్ని స్పీడ్ బ్రేకరు అనరు.

డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు పోయి 40 శాతం జీఎస్టీ ఒక్కటే ఉంది. నీ కొటేషన్లో ఎక్స్ షోరూం ధరలోనే అది కలిసి ఉంది, దాని మీద బేరం లేదు. దాని కింద టీసీఎస్ అని ఒక శాతం వేశారు చూడు, అది చూసి గాబరా పడకు. పది లక్షలు దాటిన బండి మీద ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకునేది అది. 75 లక్షల బిల్లు అనుకుంటే 75,000. నీ పాన్ నంబరు సరిగ్గా ఇస్తే రిటర్న్‌లో నీ పన్నులోంచి తగ్గించుకోవచ్చు. నీ జీతానికి ఎటూ పన్ను కడతావు కాబట్టి ఆ డబ్బు ఎక్కడికీ పోదు. హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్ అని ఇంకో వరుస ఉంది. "ఇది ఏ రూలు కింద తీసుకుంటున్నారు" అని నవ్వుతూ అడుగు. చాలాచోట్ల ఆ ప్రశ్నకే ఆ వరుస కొట్టేస్తారు.

ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరే చేయించాలని ఎక్కడా లేదు. థర్డ్ పార్టీ మాత్రం కొత్త కారుకి మూడేళ్లది తప్పనిసరి, మన బండి దెబ్బలకి ఏడాదిది చాలు. బయట రెండు కొటేషన్లు తెచ్చి బల్ల మీద పెట్టు, వాళ్లది తగ్గుతుంది. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల అరుగుదల కోయకుండా క్లెయిం ఇచ్చేది), ఇంజను కవరు, టైరు కవరు వదలకు. హైదరాబాదులో గంటసేపు వాన పడితే రోడ్లేమవుతాయో నీకు నేను చెప్పాలా? నీళ్లలో బండి ఆగితే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఈ మాట మీ డ్రైవరుకి కూడా చెప్పు.

పుదుచ్చేరిలో రిజిస్టర్ చేయిస్తే లైఫ్ టాక్స్ కలిసొస్తుందని మీ ఆఫీసులో ఎవడో చెప్పాడన్నావు. బండి ఏడాదికి మించి ఇక్కడే తిరిగితే ఇక్కడి నంబరు తీసుకుని ఇక్కడి పన్ను కట్టాల్సిందే. ఆ తలనొప్పి మనకొద్దు. డబ్బు ఏది కట్టినా డీలరు కంపెనీ ఖాతాకే కట్టు. "నాకు యూపీఐ చేయండి మేడమ్, నేను కట్టేస్తాను" అనే మాటకి సర్వీసులో ఉండగా ఎంతమంది ఏడవడం చూశానో!

ఇప్పుడు యార్డు. షోరూంకి కాదు, ఊరి చివర బళ్లు నిలబెట్టే స్టాక్‌యార్డుకి, పొద్దున్న పదింటికి వెళ్లు. బ్యాంకు నుంచి డీవో, అంటే లోను డబ్బు ఇస్తామనే కాగితం, వెళ్లకముందే వెళ్లాలి. "కస్టమర్లని లోపలికి రానివ్వరు మేడమ్" అంటారు. "అయితే బండిని బయటికి తెండి" అను. కడగమను, కానీ పాలిష్ పెట్టనివ్వకు. సెరామిక్ కోటింగు, పీపీఎఫ్ (పెయింటు మీద అంటించే పారదర్శక ఫిల్మ్) లాంటివి చూశాకే. పైన పొర వేస్తే కింద ఏముందో ఎవరికీ తెలియదు.

ముందు నంబర్లు. విండ్‌షీల్డ్ కింద మూలన కనిపించే ఛాసిస్ నంబరు, తలుపు పక్క స్తంభం మీద ప్లేటు, వాళ్లిచ్చిన కాగితం, మూడూ అక్షరం అక్షరం కలవాలి. కంపెనీ ఇచ్చే ఫారం 22 చూపించమను, తయారీ నెల అందులో ఉంటుంది. తర్వాత టైర్ల దగ్గర కూర్చో. పక్కన డాట్ అని ఉన్న వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైన టైరు. నాలుగూ దగ్గర దగ్గరగా ఉండాలి, బండి తయారైన నెలకి ముందువి అయి ఉండాలి. ఒక్కటి మాత్రం బండి కన్నా తర్వాత తయారైనదైతే ఆ చక్రానికి ఏమైందని అడుగు. స్పేర్ చక్రం ఉందా, పంక్చరైనా కొంతదూరం పోయే రన్‌ఫ్లాట్ టైర్లా అన్నది కూడా అప్పుడే తేల్చుకో.

పెయింటు ఎలా చూడాలంటే, కారుకి ఎదురుగా నిలబడకు. ఒక మూలన మోకాళ్ల మీద కూర్చుని, చెంప తలుపుకి ఆనించినంత దగ్గరగా పెట్టి, పొడవునా చూడు. ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం ప్రతిబింబం తలుపుల మీదుగా తిన్నగా సాగాలి. ఎక్కడైనా వణికినా, మసకబారినా అక్కడ చెయ్యి పడిందన్నమాట. మెటాలిక్ రంగుల్లో ప్లాస్టిక్ బంపరు, పక్కన రేకు కొద్ది తేడాగా కనిపించడం మామూలే, దానికి గొడవపడకు. తలుపుకీ తలుపుకీ తేడా ఉంటే మాత్రం వదలకు. తర్వాత నాలుగు తలుపులు తీసి రబ్బరు అంచుల మీద తెల్ల నూలుగుడ్డ తిప్పు. డిక్కీ కార్పెట్ ఎత్తు. బాడీకి తలుపులు పట్టి ఉంచే బోల్టుల మీద పెయింటు చెక్కుకుపోయి ఉంటే స్పానర్ పడినట్టే.

లోపల కిలోమీటర్లు చూడు, యార్డులో అటూ ఇటూ తిప్పినందుకు పదులు ఉండొచ్చు, వందలు ఉంటే కథ ఏదో ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. తెర మీద ఏ హెచ్చరికా మిగలకూడదు. కొటేషన్లో రాసిన ప్రతి సౌకర్యం చేత్తో నొక్కి చూడు. సిగ్గుపడకు, వెనకాల వాడు గడియారం చూసుకుంటే చూసుకోనీ. అన్నీ ఫోన్లో వీడియో తీసుకో. తేడా ఉంటే ఆ బండి వద్దని అక్కడే ఈమెయిల్ పెట్టు. ఆ గంట నీ చేతిలో ఉన్న బలం, రిజిస్ట్రేషన్ అయ్యాక పదిమంది లాయర్లని పెట్టుకున్నా రాదు.

డెలివరీ రోజు సంగతి చిన్నదే. అదీ పగలే పెట్టించుకో. రెండు తాళాలు, ఇన్‌వాయిసు, ఫారం 21 (డీలరిచ్చే అమ్మకం పత్రం), ఇన్సూరెన్సు, టీఆర్ కాగితం, చక్రాల లాక్ బోల్టు విప్పే చిన్న ముక్క, లాగడానికి బిగించే కొక్కెం. ఆ లాక్ ముక్క ఎక్కడుందో చూపించమను, నడిరోడ్డు మీద పంక్చరైనప్పుడు అది కనపడకపోతే టైరు ఊడదు.

పూజకి మీ అమ్మ ఎలాగూ పెద్దమ్మ గుడి అంటుంది. వీసాకి చిలుకూరు, బండికి పెద్దమ్మ, మీ తరానికి దేవుళ్లు కూడా శాఖల వారీగానే. పూలదండ లోపల ఇనప తీగ ఉంటుంది, బానెట్ మీద రెండుసార్లు ఊగితే గీతే. దారంతో కట్టించుకో. పసుపు కుంకుమ పెయింటు మీద కాకుండా అద్దం మీద పెట్టమని పూజారిగారికి ముందే దండం పెట్టి చెప్పు. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు మాత్రం మెల్లగా, యాక్సిలరేటరు మీద కాలు అలా ఆనిస్తే చాలు, ఇది మీ నాన్న పాత కారు కాదు.

మొదటి రెండువేల కిలోమీటర్లు ఓపిక పట్టు. వాళ్ల పుస్తకంలోనే ఉంటుంది, ఇంజను 4,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటొద్దు, పెడల్ నేలకి అదమొద్దు. టైర్లు రోడ్డు పట్టుకోవడానికి 300 కిలోమీటర్లు, బ్రేకులు కుదురుకోవడానికి 500. 160 వేగం దాటొద్దని కూడా రాస్తారు, మన ఓఆర్ఆర్ మీద హద్దు 120 కాబట్టి ఆ వరుస నీకు అక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే ఒక చుట్టు, 158 కిలోమీటర్లు, ఒకే వేగం మీద కాకుండా పెంచుతూ తగ్గిస్తూ తిరుగు. పెట్రోలు మూత లోపల అంటించిన కాగితం మీద ఏ ఆక్టేన్, ఎంత ఇథనాల్ అని ఉంటుంది, బంకులో అడగకముందు అది చదువు.

యార్డుకి ఏ రోజు రమ్మంటారో ముందు రోజు చెప్పు. శనివారమైతే నేనే వస్తాను. తెల్ల నూలుగుడ్డ నా దగ్గరుంది, అదే 2014 నాటిది. టోపీ నువ్వు తెచ్చుకో, యార్డులో నీడ ఉండదు. మీ పెదనాన్న కూడా వస్తానంటున్నారు, ఆయన్ని మాత్రం ఫోటోలకి దూరంగా నిలబెడదాం.

ప్రేమతో,
పెద్దమ్మ