మంట పుట్టించే మొక్క నుంచి నూలు

ప్రశ్న: పత్తికి నీరూ పురుగుమందులూ ఎక్కువ ఖర్చవుతాయనీ, దానికి బదులు ముట్టుకుంటే మంట పుట్టించే నెటిల్ మొక్కను పెంచి బట్టలు నేయవచ్చనీ చదివాను. ఇది నిజంగా సాగుకు పనికివచ్చే పంటేనా? ఆ బట్ట ఒంటికి దురద పెట్టదా?

జవాబు: ముందుగా దురద సంగతి. చాలామంది ఈ మొక్కను దూలగొండి అనుకుంటారు కానీ, దూలగొండి చిక్కుడు కుటుంబానికి చెందినది. నెటిల్ కుటుంబం వేరు. నెటిల్ ఆకుల మీదా కాడల మీదా ఉండే సన్నని నూగు కొసలు గాజులా పెళుసైన సిలికాతో ఏర్పడినవి కనుక, అవి తాకగానే విరిగి చర్మంలో గుచ్చుకుని, హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ వంటి పదార్థాలను లోపలికి వదులుతాయి. నార ఉండేది నూగులో కాదు, కాడ బెరడులో. కాడలు ఎండి, ఊరి, నలిగి నార విడివడేసరికి నూగు మిగలదు కాబట్టి బట్టకు ఆ గుణం అంటదు. కోతకు మాత్రం చేతి తొడుగులు తప్పవు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. డెన్మార్క్‌లోని లూసెహోయ్ సమాధిలో, దహనం తరువాత మిగిలిన అస్థికలను చుట్టిన సుమారు 2800 ఏళ్ల నాటి వస్త్రం నెటిల్ నారదేనని 2012లో వెలువడిన పరిశోధన తేల్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పత్తి దిగుమతులు ఆగిపోయినప్పుడు జర్మనీ సైనిక దుస్తులకు ఈ నారను వాడింది. ఆ తరువాత గుస్తావ్ బ్రెడెమాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త నార ఎక్కువగా ఉన్న మొక్కలను ఏళ్ల తరబడి ఏరి పెంచి, అడవి మొక్కలో కాడ బరువులో 5 శాతం దాకా ఉండే నారను 17 శాతం వరకూ పెంచగలిగాడు. అయితే విత్తనం నుంచి వచ్చే మొక్కలో ఆ గుణం నిలవదు. అందుకే మేలు రకాలను కొమ్మ ముక్కల ద్వారానే నాటాలి. తొలి పెట్టుబడి పెరగడానికి అది ఒక కారణం.

ఇక సాగు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి నిలిచే బహువార్షిక మొక్క ఇది. ఏటా దున్నే పని ఉండదు, నేలలోపలి కాండాలతో అల్లుకుని కలుపును అణచివేస్తుంది, కొన్ని రకాల సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు ఇదే ఆహారం. కానీ మొదటి ఏడాది చెప్పుకోదగ్గ దిగుబడి రాదు. పైగా ఇది నత్రజని పుష్కలంగా ఉన్న నేలలోనే ఏపుగా పెరుగుతుంది. ఆ నత్రజనిని పశువుల ఎరువుతో అందిస్తే ఒక లెక్క, రసాయన ఎరువులతో అందిస్తే మరో లెక్క. ‘పర్యావరణహితం’ అని చీటీ అంటించే ముందు ఇది అడిగి తీరాల్సిన ప్రశ్న అని నా అభిప్రాయం.

అసలు చిక్కు పొలంలో కాదు, కోత తరువాత ఉంది. నారపోగులను పట్టి ఉంచే పెక్టిన్ జిగురు విడిపోవాలంటే కాడలను పొలంలో పరిచి రాత్రి కురిసే మంచు తడిలోనో, లేదా నీటిలోనో ఊరబెట్టాలి. తక్కువ ఊరితే నార విడదు, ఎక్కువ ఊరితే బలం పోతుంది. నేపాల్ కొండల్లో ‘అల్లో’ అని పిలిచే హిమాలయ నెటిల్ బెరడును బూడిద కలిపిన నీళ్లలో గంటల తరబడి ఉడికించి, బాది, కడిగి, ఆరబెట్టిన నారను మహిళలు చేతి కదురుతో వడుకుతారు. ఎంతో అందమైన నూలే, కానీ ఎంత శ్రమ! యంత్రాలతో ఈ పని చౌకగా, నార చెడకుండా సాగేంతవరకూ నెటిల్ పత్తి స్థానాన్ని ఆక్రమిస్తుందని నేను చెప్పలేను. ఇతర నారలతో కలిపి నేసే ప్రత్యేకమైన బట్టలకు మాత్రం ఇప్పటికీ తగిన ముడిసరుకే.

ప్రశ్న: రామీ అన్నా ఇదేనా?

జవాబు: కాదు, అదే కుటుంబంలోని మరో మొక్క. దానికి మంట పుట్టించే నూగు ఉండదు. నార మెరుపుతో, గట్టిగా ఉంటుంది. అయితే ఉత్త నీటిలో ఊరితే వదలనంత జిగురు దానికి ఉంటుంది కనుక, మిల్లుల్లో సాధారణంగా క్షారంలో ఉడికించి ఆ జిగురును తీస్తారు.