పన్నెండో తరగతి ముందు రాక్ బ్యాండ్: మిడ్‌నైట్ ఆయిల్‌ను చూసి ఏమి నేర్చుకోవాలి?

ప్రశ్న: మేము సిడ్నీలో స్థిరపడిన తెలుగువాళ్ళం. మా అబ్బాయి పదకొండో తరగతి చదువుతున్నాడు. డ్రమ్స్ వాయిస్తాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి రాక్ బ్యాండ్ పెట్టుకున్నాడు. పన్నెండు పూర్తవగానే చదువు ఆపేసి బ్యాండ్‌లోనే ఉంటానంటున్నాడు. ‘మిడ్‌నైట్ ఆయిల్ గాయకుడు పీటర్ గారెట్ న్యాయశాస్త్రం (లా) చదువు వదిలేసి పాటల్లోకి వెళ్ళలేదా’ అని వాడు, ‘ఆయన లా డిగ్రీ పూర్తి చేశాకే బ్యాండ్‌లో చేరారు’ అని మావారు. రోజూ భోజనాల దగ్గర ఇదే గొడవ. వాణ్ణి ఆపాలా, వాడి ఇష్టానికి వదిలేయాలా?
ఒక తల్లి, సిడ్నీ

జవాబు: అమ్మా, ముందు ఆ గొడవ తేల్చేద్దాం. గారెట్ విషయంలో మీ అబ్బాయి చెప్పేదీ, మీవారు చెప్పేదీ రెండూ సరికాదు. ఆయన 1973లో ఒక ప్రకటన చూసి ఆ బృందంలో చేరారు. అప్పట్లో దాని పేరు ఫార్మ్. రాబ్ హర్స్ట్ డ్రమ్స్, జిమ్ మొగినీ గిటార్, కీబోర్డు, ఆండ్రూ జేమ్స్ బేస్ గిటార్ వాయించేవారు. గారెట్ కాన్‌బెర్రాలో విద్యార్థి, మిగతావాళ్ళు సిడ్నీలో. అందుకే తొలి ఏళ్ళలో బ్యాండ్ వీలు దొరికినప్పుడే నడిచింది. తర్వాత న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో లా పూర్తి చేయడానికి ఆయన సిడ్నీ వచ్చారు. 1976లో పేర్లు చీటీల మీద రాసి టోపీలో వేసి తీస్తే మిడ్‌నైట్ ఆయిల్ అన్న పేరు వచ్చింది. మొదటి ఆల్బమ్ 1978లో విడుదలైంది. అంటే చదువూ బ్యాండూ కొన్నేళ్ళపాటు కలిసే సాగాయి. ఆ డిగ్రీ బ్యాండ్‌కు అడ్డం రాలేదు, బ్యాండ్ ఆ డిగ్రీని ఆపలేదు.

కాబట్టి చదువా సంగీతమా అన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టండి. నేను మీ అబ్బాయిని అడగదలచుకున్నది వేరే. ఈ ముగ్గురు స్నేహితులతో, పెద్దగా డబ్బు రాకపోయినా, పదేళ్ళు కలిసి పనిచేయగలడా? ఎలాంటి ఒప్పందం మీద?

ఊరికే పదేళ్ళు అనడం లేదు. గారెట్ చేరినది 1973. ఆస్ట్రేలియాలో వాళ్ళకు అసలైన గుర్తింపు తెచ్చిన ఆల్బమ్ 1982లో వచ్చింది. అది మూడేళ్ళకు పైగా ఆ దేశపు జాబితాల్లో నిలిచింది. బయటి ప్రపంచానికి వాళ్ళు తెలిసింది 1987లో డీజిల్ అండ్ డస్ట్ ఆల్బమ్‌తో, అందులోని బెడ్స్ ఆర్ బర్నింగ్ పాటతో. ఆ పాట మరుసటి ఏడాది అమెరికా జాబితాలో 17వ స్థానం దాకా వెళ్ళింది. మొత్తం పద్నాలుగేళ్ళు! ఆ పద్నాలుగేళ్ళలో జేమ్స్ ఆరోగ్యం బాగోక తప్పుకున్నారు, ఆయన స్థానంలో వచ్చిన పీటర్ గిఫర్డ్ కూడా 1987లో వెళ్ళిపోయారు. గారెట్, హర్స్ట్, మొగినీ, 1977లో చేరిన గిటారిస్టు మార్టిన్ రోట్సీ, ఈ నలుగురూ మాత్రం విడిపోలేదు. ప్రతిభ ఉన్న కుర్రాళ్ళు సిడ్నీలో అప్పుడూ చాలామంది ఉన్నారు. ఇంతకాలం ఒకరినొకరు భరించి, ఒకే మాట మీద నిలబడినవాళ్ళు తక్కువ.

ఆ మాట ఏమిటో కూడా చెప్పాలి. ఆ రోజుల్లో దేశమంతా చూసే టీవీ పాటల కార్యక్రమం కౌంట్‌డౌన్. దానిలో కనిపిస్తే రికార్డులు అమ్ముడయ్యేవి. వీళ్ళు ‘మేము వెళ్ళం’ అన్నారు. నరాబీన్‌లోని రాయల్ యాంట్లర్ హోటల్ లాంటి పబ్బుల్లో రాత్రి తర్వాత రాత్రి వాయించి తమ శ్రోతలను తామే సంపాదించుకున్నారు. 1981లో ఇంగ్లండ్‌లో ఒక ఆల్బమ్ రికార్డు చేస్తే, విదేశీ కంపెనీ కొన్ని పాటలు మళ్ళీ చేయమంది. ఒప్పుకోకుండా ఇంటికి తిరిగొచ్చారు. 1986లో మారుమూల ఆదివాసుల ఊళ్ళకు ఆదివాసీ కళాకారులున్న వారుంపి బ్యాండ్‌తో కలిసి వెళ్ళి పాడారు. ఆ ప్రయాణంలో చూసినదే డీజిల్ అండ్ డస్ట్ అయింది. ఆదివాసుల భూమిని వాళ్ళకు తిరిగి ఇచ్చేద్దాం అని అడిగే పాటను దేశదేశాల్లో జనం పాడుకునేలా చేయడం మామూలు విషయం కాదు. నాకు వాళ్ళ మీద ఇంత గౌరవం అందుకే. మీ అబ్బాయి వాళ్ళ పేరు ఎత్తాడంటే వాడి అభిరుచి మంచిదే, ఆ సంగతి వాడికి చెప్పండి.

మీవాడు డ్రమ్మర్ అన్నారు కదా, అతనికి హర్స్ట్ కథ ముఖ్యం. బ్యాండ్ ముఖం గారెట్‌ది. పాటలు కట్టడంలో మాత్రం హర్స్ట్, మొగినీలది పెద్ద చేయి. బెడ్స్ ఆర్ బర్నింగ్ రచయితలు గారెట్, హర్స్ట్, మొగినీ ముగ్గురూ. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, కచేరీకి వచ్చే డబ్బు ఆ రాత్రితో సరి. పాట రాసినవాళ్ళకు మాత్రం అది రేడియోలో వచ్చినా, ఎవరైనా వేదిక మీద పాడినా రాయల్టీ వస్తుంది. ఆస్ట్రేలియాలో ఆ డబ్బు వసూలు చేసి పంచేది ఆప్రా ఆమ్‌కాస్ సంస్థ. రచయితలు చేరడానికి రుసుము లేదు. స్నేహితులు నలుగురూ కూర్చుని, ఏ పాటలో ఎవరి వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద రాసుకోవాలి. ‘మన మధ్య లెక్కలేమిటి’ అనుకునే వయసే కానీ, బ్యాండ్‌లు విడిపోయేటప్పుడు ఎక్కువ తగాదా దీని గురించే.

చిన్న వయసులోనే గెలిచినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. న్యూకాసిల్‌కు చెందిన సిల్వర్‌చెయిర్ కుర్రాళ్ళు ముగ్గురూ 1994లో ఒక పాటల పోటీ నెగ్గారు. అప్పటికి వాళ్ళు పదిహేనేళ్ళ లోపువాళ్ళో, అటూఇటుగానో. మరుసటి ఏడాది తొలి ఆల్బమ్ దేశంలో మొదటి స్థానానికి చేరింది. అయినా బడి మానలేదు. పర్యటనలకు తల్లిదండ్రులు వెంట వెళ్ళేవారు, 1997లో పన్నెండు పూర్తి చేశారు. అంత చేసినా గాయకుడు డేనియల్ జాన్స్ ఆ తర్వాత తిండి తినలేని అనొరెక్సియాతో, కుంగుబాటుతో బాధపడ్డారు. ఆ సంగతి ఆయనే బయటికి చెప్పారు. ఆలస్యంగా వచ్చే విజయం కంటే తొందరగా వచ్చేదాన్ని తట్టుకోవడం కష్టం. మీరు భయపడవలసింది ఏమైనా ఉంటే ఇది. వాడు సరిగ్గా తింటున్నాడా, నిద్రపోతున్నాడా అని గమనిస్తూ ఉండండి.

మిడ్‌నైట్ ఆయిల్ దారిలో ఇప్పుడు పనికిరాని భాగమూ ఉంది. అప్పటి పబ్బులు ఇప్పుడు లేవు. న్యూ సౌత్ వేల్స్ పబ్బుల్లోకి 1997లో జూదపు యంత్రాలు వచ్చాక చాలాచోట్ల వేదికల స్థలం వాటికే పోయింది. 2014 నుంచి కొన్నేళ్ళు సిడ్నీ నడిబొడ్డున రాత్రి ఆంక్షలూ ఉన్నాయి. వారానికి నాలుగైదు కచేరీలతో చేయి తిరిగే అవకాశం ఈ తరానికి తేలిగ్గా దొరకదు. పైగా మీవాడికి పద్దెనిమిది నిండేదాకా అన్ని వయసులవాళ్ళనూ రానిచ్చే కార్యక్రమాల మీదే ఎక్కువగా ఆధారపడాలి. కొత్త కళాకారుల కోసం ట్రిపుల్ జె రేడియో వాళ్ళు నడిపే అన్‌ఎర్త్‌డ్ వెబ్‌సైట్‌లో పాటలు ఎక్కించడం ఎలాగూ చేస్తాడు, చేయనివ్వండి.

ఇక చదువు సంగతి. హెచ్‌ఎస్‌సీలో, అంటే ఇక్కడి పన్నెండో తరగతి చదువులో, మ్యూజిక్ 1, మ్యూజిక్ 2 రెండూ ఉన్నాయి. ఇప్పటికే ఒకటి తీసుకుని ఉంటే మాన్పించకండి. ‘అది మార్కులు తగ్గిస్తుంది’ అని తోటి తల్లిదండ్రులు చెప్పేదాన్ని బట్టి నిర్ణయించకండి. వాడు ప్రాణం పెట్టి చదివే సబ్జెక్టు అదొక్కటే కావచ్చు. వేదిక మీద శబ్దం, లైటింగ్ పనులు నేర్పే ఎంటర్‌టైన్‌మెంట్ ఇండస్ట్రీ కోర్సు మీ బడిలో ఉంటే దాని గురించీ అడగండి. బ్యాండ్ నిలవకపోయినా ఆ పని తెలిసినవాడికి ఉపాధి ఉంటుంది.

పన్నెండు తర్వాత యూనివర్సిటీకి దరఖాస్తు తప్పకుండా చేయించండి. సీటు వచ్చాక చాలా కోర్సుల్లో ఏడాది వాయిదా వేసుకోవచ్చు, ఆ కోర్సు నియమాలు ముందే చూసుకోండి. మీవారితో ఆ ఒక్క ఏడాదికి ఒప్పించండి. ఆ ఏడాది బ్యాండ్‌కే. అయితే వాడు చిన్న ఉద్యోగం చేసుకుని తన ఖర్చు తాను చూసుకోవాలి, బ్యాండ్ సొంత పాటలు రికార్డు చేయాలి, ప్రతి కచేరీకీ రాబడి, ఖర్చు రాసి పెట్టాలి. ఏడాది చివర మీ ముగ్గురూ ఆ పుస్తకం తెరిచి మాట్లాడుకోండి. పాటలు మెరుగై, నలుగురూ ఇంకా కలిసే ఉంటే, వాడు కోర్సులో చేరి వీలును బట్టి కొన్ని సబ్జెక్టులే తీసుకుంటూ బ్యాండ్ కొనసాగించవచ్చు. మీరు పౌరసత్వం తీసుకున్నారా, పర్మనెంట్ రెసిడెన్సీలోనే ఉన్నారా అన్నది రాయలేదు. ఫీజు వాయిదా రుణం సాధారణంగా పౌరులకే దొరుకుతుంది కాబట్టి, దరఖాస్తు గడువుకు ముందే ఆ లెక్క చూసుకోండి.